అరణ్యపు అంచున ఎఫ్రాయిము



లాజరు సమాధిలోనుండి బయటకు వచ్చిన సంగతి మనలో ఎరుగనివారు లేరు. యోహాను సువార్త 11వ అధ్యాయము మీద ఎన్ని భూస్థాపన కూడికలలో ప్రసంగించానో నాకే లెక్క లేదు. 12వ అధ్యాయములో ప్రజలు ఖర్జూరపు మట్టలు పట్టుకొని ప్రభువుకు ఎదురు వెళ్లిన సంగతి మట్టల ఆదివారమున ఏటేటా చదువుకొంటాము. ఈ రెండింటి మధ్య ఒక చిన్న వచనము ఉన్నది. దాని మీద ప్రసంగము నేను విన్నది లేదు, చేసినది లేదు.

లాజరును లేపిన తరువాత పెద్దలు సభ కూడి ఆయనను చంపాలని ఆలోచించారు. అందుచేత ప్రభువు అక్కడివారి మధ్య బాహాటముగా తిరగడము మాని, అరణ్యము ప్రక్కనున్న ఎఫ్రాయిము అనే ఊరికి వెళ్లి, శిష్యులతో కూడ అక్కడ ఉన్నాడని యోహాను చెప్పుచున్నాడు (యోహాను 11:54). అంతే. ఎవరి ఇంట దిగాడో, ఏమి బోధించాడో, ఎన్ని దినములు గడిపాడో ఒక్క మాటయినా లేదు.

కొత్తవలసలో మా శుక్రవారపు బైబిలు తరగతి ఈ వచనము దగ్గరకు వచ్చినప్పుడు ఒక పెద్దాయన లేచాడు. జీడితోట, కాస్త మెట్ట భూమి ఉన్న రైతు. "అయ్యగారండీ, ఆ ఊరు ఇప్పుడున్నాదేటి? ఉంటే నీళ్లున్నాయా? ఏటి పండిస్తారక్కడ?" అని అడిగాడు. డిప్లొమా చదివే రోజులలో ఆ పేరు పటములో చూసి పరీక్ష కోసము గుర్తు పెట్టుకొన్నానే తప్ప, అక్కడ నీళ్లున్నాయా అని నాకు ఎన్నడూ తోచలేదు. ఆ మాట ఒప్పుకొని, చదివి చెబుతానన్నాను. ఇదిగో, ఆయన అడిగినదానికి నా జవాబు.

ఊరు ఉన్నది. దాని ఇప్పటి పేరు తైబే. వార్తలలో వెస్ట్ బ్యాంక్ అని వింటున్నామే, యొర్దాను నదికి పడమటనున్న పాలస్తీనా ప్రాంతము, అందులో రామల్లా పట్టణమునకు ఈశాన్యముగా 12 కిలోమీటర్ల దూరములో ఉన్నది. ఎఫ్రాయిము ఇదేనని పండితులలో ఎక్కువమంది ఒప్పుకొంటారు. అమెరికా దేశపు బైబిలు పండితుడు ఎడ్వర్డ్ రాబిన్సన్ 1838లో ఆ కొండల వెంట తిరిగి, బైబిలులోని పేర్లను, దూరాలను సరిచూచి ఈ మాట చెప్పాడు. యెరూషలేమునుండి రోడ్డు మీద ఇంచుమించు 30 కిలోమీటర్లు. మన కొత్తవలసనుండి విశాఖపట్నము వెళ్లినంత అనుకోండి. నడిచి వెళ్లేవారికి ఒక పూర్తి దినపు ప్రయాణము. పట్టణములో జరిగిన సంగతి మరునాటికి చెవిని పడుతుంది. పట్టణపు బంట్రౌతులు మాత్రము ఊరకే వచ్చి చెయ్యి పట్టుకొనేటంత దగ్గర కాదు.

ఊరి ఎత్తు సముద్రమట్టమునకు సుమారు 900 మీటర్లు. అరకు రైలు ఎక్కినవారికి ఇది చెప్పడము సులువు. మన స్టేషను వదిలాక శృంగవరపుకోట, బొడ్డవర, తరువాత సొరంగము మీద సొరంగము. ఎక్కి ఎక్కి శిమిలిగూడ దగ్గర రైలు 996 మీటర్లకు చేరి, అక్కడనుండి అరకుకు దిగుతుంది. అరకులోయ ఎంత ఎత్తులో ఉన్నదో తైబే కూడ దాదాపు అంత ఎత్తులోనే ఉన్నది. పాలస్తీనా అనగానే ఇసుక, ఒంటెలు అని క్యాలెండరు బొమ్మలను బట్టి అనుకొనేవారు ఆ తలంపు కొంచెము మార్చుకోవాలి. చలికాలములో అక్కడ గొంగళి లేకుండ తెల్లవారదు. కొన్ని ఏండ్లలో మంచు కూడ కురుస్తుంది.

అరకు చుట్టూ అడవి ఉన్నది. తైబేకు ఒక ప్రక్క పంట, ఒక ప్రక్క మోడు. ఊరు కొండల నడినెత్తి మీద కూర్చున్నది. పడమట మధ్యధరా సముద్రమునుండి వచ్చే మబ్బులు ఆ వైపు వాలు మీద కురిసి, గట్టు దాటేసరికి వట్టిపోతాయి. అందుచేత పడమట రాతిగోడల మెట్లు కట్టి పెంచిన ఒలీవ తోటలు, అంజూరపు చెట్లు, ద్రాక్ష. తూర్పున కొంత దూరము నడిస్తే మేకలు తప్ప మరేదీ మేయలేని తెల్లని గుట్టలు. ఆ గుట్టలు దిగుచు దిగుచు యెరికోకు పోతాయి. యెరికో సముద్రమట్టము కంటె 250 మీటర్లు క్రింద ఉన్నది. తిన్నగా కొలిస్తే ఇరవై కిలోమీటర్లు దాటని దూరములో పదకొండు వందల మీటర్లకు పైగా దిగుడు!

ఇక్కడ ఒక మాట. మన బైబిలులో 'అరణ్యము' అని చదివినప్పుడు మనకు అనంతగిరి అడవి వంటిది కళ్లకు కడుతుంది. చిన్నప్పుడు సండేస్కూలులో ప్రభువు నలువది దినములు ఉపవాసమున్న అరణ్యము బొమ్మ వేయమంటే నేను మర్రిచెట్టు, పులి వేశాను. మెచ్చుకొని బహుమానము కూడ ఇచ్చారు. ఆ దేశములో అరణ్యమంటే చెట్టు లేనిది, నీడ లేనిది, మనిషి కాపురము చేయలేనిది. తైబే అటువంటి అరణ్యమునకు వాకిలి.

నీటి మాటకు వస్తాను. వానలు చలికాలములోనే, నవంబరునుండి మార్చి వరకు. వేసవి అంతా చుక్క రాలదు. అందువలన పూర్వమునుండి ఆ కొండ ఊళ్లలో బండను లోపలికి తొలిచి, గచ్చు పూసి, ఇంటి కప్పు మీద పడిన వాన నీటిని అందులోకి మళ్లించి దాచుకొనేవారు. బద్దలైన తొట్లను గూర్చి యిర్మీయా ప్రవక్త చెప్పిన మాట (యిర్మీయా 2:13) ఈ తొట్లను గూర్చినదే. ఊరికి ఈశాన్యముగా లోయలో ఐన్ సామియా అనే పెద్ద ఊట ఉన్నది. ఇప్పుడు కుళాయిలు వచ్చినా ఎండాకాలములో నీటికి కటకటే. ప్రతి ఇంటి మీద నీళ్ల ట్యాంకు కనబడుతుంది.

పంట ముఖ్యముగా ఒలీవ. అక్టోబరు నెలలో వానలు మొదలయ్యే వేళకు కోత. చెట్టు క్రింద గుడ్డలు పరచి, ఇంటిల్లిపాది చేతులతో దూసి, అందని కొమ్మలను కర్రలతో తట్టి రాలుస్తారు. బడిపిల్లలు, పట్టణములో ఉద్యోగము చేసేవారు కూడ ఆ దినములలో తోటకు వస్తారు. మామిడికి లాగానే ఒక ఏడు విరగకాస్తే మరుసటి ఏడు తక్కువ. గానుగలో నూనె తీసి సంవత్సరమంతటికి నిలువ చేసుకొంటారు. రొట్టెలోకి అదే, దీపానికి అదే, ఒంటి నొప్పికి కూడ అదే.

ఈ ఊరి చుట్టు ప్రక్కల పేర్లు వింటే పాత నిబంధన తెరిచినట్లే ఉంటుంది. నైరుతి దిక్కున బేతేలు, దాని దగ్గరే హాయి. అబ్రాహాము, లోతు విడిపోయినది ఆ రెండింటి మధ్యనే. లోతు కన్నులెత్తి యొర్దాను మైదానమును చూచాడంటే (ఆదికాండము 13:10) ఆ కొండలమీదనుండి తూర్పుకు చూచాడన్నమాట. తైబేనుండి కూడ తేటగా ఉన్న దినమున యెరికో మైదానము, మృత సముద్రము, ఆవలి కొండలు కనబడతాయని వెళ్లినవారు వ్రాశారు. దక్షిణమున ప్రక్క ఊరు రమ్మూన్. అది న్యాయాధిపతుల గ్రంథములోని రిమ్మోను బండ అని చెబుతారు. బెన్యామీనీయులలో చావగా మిగిలిన 600 మంది పారిపోయి నాలుగు నెలలు అక్కడ దాగినారు (న్యాయాధిపతులు 20:47). ఉత్తరమున కనబడే పెద్ద కొండ బయల్హాసోరు, ఎత్తు 1,016 మీటర్లు. ఎఫ్రాయిముకు దగ్గరనున్న ఆ స్థలములోనే అబ్షాలోము గొఱ్ఱెల బొచ్చు కత్తిరించే పండుగ పేరు పెట్టి అన్న అమ్నోనును చంపించాడు (2 సమూయేలు 13). దాగినవారు, పారిపోయినవారు, తోడబుట్టినవాని చేతిలో చచ్చినవారు: ఆ కొండలు ఇవన్నీ చూచినవి. ప్రాణము మీదికి వచ్చినప్పుడు ప్రభువు వెళ్లిన చోటు ఇది.

ఆయన భయపడి పారిపోయాడా అని తరగతిలో ఒక యౌవనస్థుడు అడిగాడు. భయపడినవాడు తూర్పు వాకిలి తెరుచుకొని అరణ్యములోనికి పోవచ్చును. యొర్దాను దాటితే ఎవరూ పట్టుకొనలేరు. ఆయన ఆ వాకిట్లో కూర్చున్నాడు, దాటలేదు. పస్కాకు ఆరు దినములు ముందుగా మళ్లీ బేతనియలో ఉన్నాడు (యోహాను 12:1). తన గడియ ఎప్పుడో ఎరిగినవాడు ఆ గడియకు ముందు తనవారితో కొన్ని దినములు ఒక పల్లెలో గడిపాడని నేను అనుకొంటాను. పన్నెండుగురితో నిమ్మళముగా ఉన్న ఆఖరి దినములు బహుశా అవే.

ఊరి పేరు చాలాసార్లు మారినది. యెహోషువ గ్రంథములో బెన్యామీను గోత్రపు ఊళ్ల జాబితాలో ఒఫ్రా (18:23). గిద్యోను ఊరు ఒఫ్రా వేరు, కలపకూడదు. సౌలు కాలములో ఫిలిష్తీయుల దోపిడి దండు ఒకటి ఈ ఒఫ్రా దారిన పోయినది (1 సమూయేలు 13:17). రాజుల కాలములో ఎఫ్రోను. యూదా రాజు అబీయా దీనిని బేతేలుతో కూడ యరొబాము చేతిలోనుండి పట్టుకొన్నాడు (2 దినవృత్తాంతములు 13:19). ప్రభువు కాలమునకు ఎఫ్రాయిము. ఎఫ్రాయిము గోత్రము వేరు, ఈ ఊరు వేరు అని కూడ చెప్పాలి, ఎందుకంటే మన రాష్ట్రములోనే గుంటూరు జిల్లా చేబ్రోలు దగ్గర కొన్ని తెలుగు కుటుంబాలు తాము ఎఫ్రాయిము గోత్రమువారమని చెప్పుకొని యూదుల ఆచారాలు పాటిస్తున్నారు. వారి సంగతి మరొకప్పుడు.

క్రీ.శ. 69లో రోమా సేనాపతి వెస్పసియాను యెరూషలేము మీదికి పోతూ బేతేలును, ఎఫ్రాయిమును పట్టుకొని సైనికులను కావలి పెట్టాడని యోసేపసు చరిత్రలో ఉన్నది. ఆరవ శతాబ్దములో యొర్దాను ఆవల మాదబా పట్టణపు గుడి నేల మీద రంగు రాళ్లతో పరిశుద్ధ దేశపు పటము వేశారు. ఆ పటములో ఈ ఊరి పేరు వ్రాసి, ప్రభువు ఇక్కడికి వచ్చాడని కూడ వ్రాశారు. ఆ పటము చాలా భాగము పాడైనది గాని ఈ ఊరి పేరు మిగిలినది.

తైబే అనే పేరు ఎలా వచ్చినదో ఊరివారు ఒక కథ చెబుతారు. 1187లో సలాదీను సుల్తాను వచ్చినప్పుడు అప్పటి పేరు అఫ్రా, దయ్యము అనే అర్థమిచ్చే అరబ్బీ మాటలాగ వినబడినదట. ఊరివారి మంచితనము చూచి, ఇంత మంచివారి ఊరికి ఈ పేరేమిటి అని, మంచి అనే అర్థము వచ్చే తైబే అని పెట్టాడట. ఇది పెద్దలు చెప్పుకొనే మాట. ఊరి పేరుకు ఒక కథ ఉండడము మనకు కొత్త కాదు. మన ప్రాంతములో కొత్తవలస, కరకవలస అని వలస పేరున్న ఊళ్లు ఎన్ని లేవు! ఎప్పుడో ఎక్కడినుండో మూటాముల్లె కట్టుకొని వచ్చినవారు దిగిన చోటు. ఆ తరువాత ఊరు పాతదైనా పేరు మాత్రము కొత్తగానే ఉండిపోయినది.

ఇప్పుడు నాకు అన్నిటికంటె ఇష్టమైన సంగతి చెబుతాను. తైబేలో లాటిన్ సంఘపు ఆవరణలో రెండు వందల ఏండ్లకు పైబడిన ఒక పాత ఇంటిని అలాగే కాపాడి ఉంచారు. ఉపమానముల ఇల్లు అని దాని పేరు. రాజుల మేడ కాదు, రైతు ఇల్లు. మందమైన రాతి గోడలు, ఒక్కటే గది, ఒక్కటే తలుపు. తలుపు తీయగానే పల్లములో పశువులు, మేకలు ఉండే చోటు. దానికి పైన మెట్లెక్కితే అరుగులాగ ఎత్తయిన చోటు, అక్కడ ఇంటివారు పండుకొనేది, వండుకొనేది. ధాన్యము పోసుకొనే మట్టి గాదెలు ప్రక్కనే. ఆ అరుగు అంచునే పశువుల తొట్టి.

ఈ ఇల్లు మనసులో పెట్టుకొని సువార్తలు చదివి చూడండి. దీపము దీపస్తంభము మీద పెడితే ఇంటివారందరికి వెలుగిస్తుంది (మత్తయి 5:15). నిజమే మరి, ఒక్కటే గది. అర్ధరాత్రి స్నేహితుడు రొట్టెలకు వస్తే, తలుపు వేసి ఉన్నది, పిల్లలు నాతో పండుకొన్నారు అంటాడు (లూకా 11:7). నేను కుర్రవాడిగా ఉన్నప్పుడు, ఆ మనిషి ఎంత బద్ధకస్తుడు, లేచి ఇస్తే ఏమి అనుకొనేవాడిని. ఇప్పుడు అర్థమవుచున్నది. అతడు లేవాలంటే పిల్లలను దాటి, మెట్లు దిగి, చీకటిలో మేకల మధ్యనుండి పోయి గడియ తీయాలి. ఇల్లంతా లేచి కూర్చుంటుంది. నాణెము పోగొట్టుకొన్న స్త్రీ పట్టపగలే దీపము వెలిగించడము కూడ (లూకా 15:8) కిటికీలేని ఆ ఇంటిలో వింత కాదు. ఏన్దోరు స్త్రీ ఇంటిలోనే క్రొవ్విన దూడ ఉండడము (1 సమూయేలు 28:24), యెఫ్తా తన ఇంటి తలుపునుండి ఎదురుగా వచ్చినదానిని అర్పిస్తానని నోరు జారడము కూడ అలాంటి ఇంటిలోనే కుదురుతాయని కొందరు పండితులు అంటారు. తలుపు తీస్తే ముందు వచ్చేది మేకపిల్లే అని అతడు అనుకొని ఉంటాడు.

ఇక బేత్లెహేము. ప్రభువును తొట్టిలో పండుకొనబెట్టారంటే మనము ఊరి బయట పశువుల పాకను ఊహించుకొంటాము. క్రిస్మస్ నాటికి గుడిలో తాటాకుతో అదే కడతాము. అటువంటి రైతు ఇంటిలో, మనుషుల నడుమనే, పశువుల తొట్టిలో గడ్డి సర్ది పడుకోబెట్టి ఉండవచ్చునని ఈ ఇంటిని చూచినవారు అంటారు. మన తీరపు ఊళ్లలో తాటాకు చుట్టిళ్లు ఎరిగినవారికి, వానాకాలములో దూడను వసారాలోకి తెచ్చి కట్టుకొన్నవారికి ఇది కొత్త సంగతిగా తోచదు. పట్టణము పిల్లలకే వివరించి చెప్పాలి.

తైబే ప్రజలు ఇప్పుడు 1,300 మంది పైచిలుకు. వెస్ట్ బ్యాంకులో ఊరు మొత్తము క్రైస్తవులే ఉన్న గ్రామము ఇదొక్కటే మిగిలినదని చెబుతారు. మన సంఘాలలో ఈ మాట చెబితే చాలామంది నమ్మరు. ఆ దేశమంటే యూదులు, ముస్లిములు అనే అనుకొంటారు. ఈ ఊరివారు అరబ్బులు, పాలస్తీనీయులు. అరబ్బీలోనే పాడతారు, ప్రార్థిస్తారు. దేవుణ్ణి వారు పిలిచే మాట అల్లాహ్, ఎందుకంటే అరబ్బీలో దేవుడు అనడానికి ఉన్న మాట అదే. అరబ్బీ బైబిలులో కూడ ఆదికాండము మొదటి వచనములో అదే ఉంటుంది. నేను ఈ సంగతి ఒక కూటములో చెప్పినప్పుడు ముందు వరుసలో గుసగుసలు మొదలైనాయి. కాని పెంతెకొస్తు దినమున అపొస్తలుల మాటలు తమ భాషలో విన్నవారిలో అరబీయులు కూడ ఉన్నారు (అపొస్తలుల కార్యములు 2:11), తెలుగువారము మనము లేము.

ఊరిలో సంఘాలు మూడు: గ్రీకు ఆర్థడాక్స్, లాటిన్ అనగా రోమన్ కథోలిక్, మెల్కైట్. మూడింటికి పంచాంగాలు వేరు. అయినా క్రిస్మస్ ఊరంతా డిసెంబరు 25నే, ఈస్టరు ఊరంతా తూర్పు సంఘపు లెక్క ప్రకారమే చేసుకొంటారు. ఒకరు ఒక పండుగ వదులుకొన్నారు, మరొకరు మరొక పండుగ వదులుకొన్నారు. మన మండలములలో ఒకే వీధిలో రెండు గుడులుండి, ఒకరి మైకు మీదికి ఒకరు మైకు పెట్టుకొనే సంగతి నేను వ్రాయను, మీకే తెలుసు.

ఊరి అంచున గుట్ట మీద అల్ ఖదర్ అనే పాత గుడి శిథిలము ఉన్నది. ఐదవ శతాబ్దపుదని చెబుతారు, పరిశుద్ధ జార్జి పేరు మీద కట్టినది. ఇప్పటికీ కొందరు మ్రొక్కుకొని గొఱ్ఱెను తెచ్చి అక్కడ కోసి, ఆ మాంసము బీదలకు పంచుతారు. క్రీస్తు ఒక్కమారే బలి అయ్యాక ఇది ఎందుకు అని నా మనసు ఒప్పుకొనదు. దాచి చెప్పడము కూడ ఇష్టము లేదు.

బయట ఉన్న తైబేవారు ఊళ్లో ఉన్నవారికంటె ఎన్నో రెట్లు. తాతల కాలమునుండే అమెరికాకు, ఇతర దేశాలకు వలస పోయారు. 1517నుండి నాలుగు వందల ఏండ్లు టర్కీ సుల్తానుల ఏలుబడి, తరువాత బ్రిటిషువారు, 1948 తరువాత జోర్డాను, 1967 జూన్ యుద్ధమునుండి ఇశ్రాయేలు సైన్యము: పాలకులు మారినప్పుడల్లా కొన్ని ఇళ్లకు తాళాలు పడ్డాయి. వెళ్లి తిరిగి వచ్చినవారూ లేకపోలేదు. అమెరికాలో స్థిరపడిన అన్నదమ్ములు ఇద్దరు 1994లో వచ్చి ఊళ్లో ఒక కర్మాగారము పెట్టి పదిమందికి పని కల్పించారు. తయారు చేసేది బీరు! సంఘపత్రికలో వ్రాయవలసిన సంగతా అని తటపటాయించాను గాని, ఇప్పుడు ప్రపంచములో తైబే పేరు ఎక్కువమందికి తెలిసినది దాని వలననే. లాటిన్ సంఘము నడిపే వృద్ధుల ఆశ్రమము కూడ ఉన్నది. పిల్లలు సముద్రాల ఆవల ఉంటే తల్లిదండ్రులను చూచేవారు ఎవరు?

ఇది వ్రాస్తూ ఉంటే మా ఆదివారపు ఆరాధన కళ్లముందు కదులుతున్నది. ముందు చాపల మీద మనుమలు, వెనుక తాతలు, అవ్వలు. మధ్య వయసువారు లేరు. హైదరాబాదులో, చెన్నైలో, గల్ఫులో భవనాలు కట్టే పనిలో ఉన్నారు. శ్రీకాకుళము, విజయనగరము జిల్లాల పల్లెలలో ఏ గుడికి వెళ్లినా ఇదే వరుస. వలస పేరు పెట్టుకొన్న ఊళ్లకు ఇప్పుడు వచ్చేవారు తక్కువ, పోయేవారు ఎక్కువ.

అయితే మనవారు పోయాక మన భూమి మనదే. తైబే సంగతి అది కాదు. 1975లో ఆ ప్రాంతములో ఒఫ్రా అని బైబిలు పేరే పెట్టి యూదుల వలస కాపురము ఒకటి వెలిసినది. తరువాత రిమ్మోనీము, మరికొన్ని. ఇవి న్యాయవిరుద్ధమని హేగ్ నగరపు అంతర్జాతీయ న్యాయస్థానము 2024 జూలైలో అభిప్రాయము చెప్పినది. ఇశ్రాయేలు ప్రభుత్వము ఒప్పుకోదు. ఊరివారు తమ తోటలలో కొన్నిటికి కోత కాలములో కూడ నిర్భయముగా పోలేకపోవుచున్నారు. ఇబ్బందులన్నీ ఒక్క వైపునుండే అని కూడ చెప్పను. 2005 సెప్టెంబరులో పొరుగు ముస్లిము గ్రామముతో ఒక కుటుంబ తగవు పెద్దదై, ఒక రాత్రి తైబేలో పదికి పైగా ఇళ్లు తగులబడ్డాయి.

2025 జూలై 7న అల్ ఖదర్ శిథిలము, సమాధుల తోట ప్రక్కన నిప్పు లేచినది. ఊరివారు పరుగెత్తి ఆర్పుకొన్నారు. వలస కాపురాలవారు పెట్టిన నిప్పు అని మూడు సంఘాల కాపరులు కలిసి ప్రకటన చేశారు. గుడికి నష్టము కలుగలేదని ఇశ్రాయేలు పోలీసులు చెప్పారు. 14వ తేదీన యెరూషలేమునుండి గ్రీకు, లాటిన్ సంఘాధ్యక్షులు ఇద్దరు, ఎన్నో దేశాల రాయబార ఉద్యోగులు ఆ గుట్ట మీదికి వచ్చి నిలువబడ్డారు. అదే నెల ఆఖరులో మళ్లీ రాత్రివేళ వచ్చి కార్లు తగులబెట్టిపోయారు.

నేను 2018లో పరిశుద్ధ దేశ యాత్రకు వెళ్లాను. మన యాత్ర బస్సులు బేత్లెహేము, యెరూషలేము, యెరికో, గలిలయ తిరిగి వస్తాయి, తైబేకు పోవు. యెరికో దాటి ఉత్తరమునకు పోతుండగా గైడు ఎడమ చేతి వైపు ఎండకు తెల్లబడిన గుట్టలు చూపించి, వాటి పైన ఎఫ్రాయిము ఉన్నది అన్నాడు. బస్సులో సగము మంది నిద్రలో ఉన్నారు. నేను చూచాను గాని ఊరు కనబడలేదు. బేత్లెహేములో మాత్రము, తైబేలో చేసినదని చెబితే, పావురము ఆకారములో ఉన్న ఒక మట్టి దీపము కొన్నాను. ఒలీవ నూనె అమ్ముకొనే దారి చూపడానికి అక్కడి సంఘము చేయించే దీపాలట.

ఈ పాఠము చెప్పిన శుక్రవారము ఆ దీపము తరగతికి తీసుకొని వెళ్లి, ఒలీవ నూనె లేక నువ్వుల నూనె పోసి వెలిగించాను. వెనుకనుండి ఒక అవ్వ, "ఏటి అయ్యగారూ, మనమూ దీపాలెడతన్నామేటి?" అన్నది. అందరూ నవ్వారు. బొమ్మ కోసమే అని చెప్పి ఆర్పాను. పెద్దాయన దానిని చేతిలోకి తీసుకొని అటూ ఇటూ తిప్పి చూచాడు. మట్టి బాగున్నాదన్నాడు, మూతి ఇంకొంచెము సన్నము చేస్తే నూనె మిగులునన్నాడు. తరువాత, "అయితే ఈ ఏడు వాళ్లకి కాపెలాగున్నాదట?" అని అడిగాడు.

తెలుసుకొని చెబుతానన్నాను.